కరెంటు రొట్టె

మస్తాన్‌బీ ఫోను చేసేసరికి నేను మధ్యాహ్నపు నిద్రలో ఉన్నాను. రిటైరయిన దగ్గర్నుంచీ పగటినిద్ర నాకు బాగా ఒంటబట్టింది. చెన్నైకి దక్షిణాన, సముద్రం ఒడ్డున మా కాలనీ. కిటికీ తెరిచి పడుకుంటే అలల చప్పుడు కలలోకి వచ్చేస్తుంది. ఆ చప్పుడులోంచే ఆమె గొంతు వినిపించింది.

"టీవీలో చూసినా మే విజయా. నీ పొయ్యి ఎలిగిందంట గదా. రొట్టెల పండక్కి రా. ఇయ్యాల్సిన రొట్టె ఇచ్చేసి పో."

ఆమె పొయ్యి అనేది మా రియాక్టరుని. నేను పనిచేసిన చోటు పేరు చెప్పను, దానితో ఇక్కడ పనీ లేదు. అలాంటిదాన్ని బ్రీడర్ రియాక్టర్ అంటారు. నా ఉద్యోగమంతా దాని ఇంధనం తయారుచేసే విభాగంలోనే గడిచింది. నేను చేరినప్పుడు ఇంకో పదేళ్ళలో వెలుగుతుందన్నారు. పదేళ్ళయ్యాక కూడా అదే మాటన్నారు. నా జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, వీడ్కోలు సభలో శాలువా కప్పి పంపించారు, అప్పటికీ అది వెలగలేదు. నేను ఇంటికొచ్చి హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టాక వెలిగింది. దానికి నా మీద ఏం కోపమో నాకిప్పటికీ అర్థం కాదు.

రొట్టె సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. మొహర్రం రోజుల్లో నెల్లూరులో స్వర్ణాల చెరువు పక్కనున్న దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. ఏ మతమని ఎవరూ అడగరు. ఏదన్నా కోరిక ఉన్నవాళ్ళు చెరువులో దిగి, అదే కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె తీసుకుని తింటారు. ఉద్యోగం కావాలంటే ఉద్యోగ రొట్టె, పిల్లలు కావాలంటే సంతాన రొట్టె. కోరిక తీరాక మళ్ళీ వచ్చి అదే పేరున రొట్టెలు ఇవ్వాలి. ఒకటి తిన్నవాళ్ళు రెండైనా తేవాలని మస్తాన్‌బీ వాళ్ళింటి పద్ధతి.

మస్తాన్‌బీ, నేను నెల్లూరులో డిగ్రీ కలిసి చదివాం. ఆమె రెండో ఏడు మధ్యలో చదువు మానేసి ముత్తుకూరులో కుట్టు మిషను ముందు కూర్చుంది. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది పండగలో కలిసినప్పుడు వాళ్ళమ్మ హుస్సేన్‌బీ, చెరువు నీళ్ళలో నిలబడి, నా చేతిలో ఒక రొట్టె పెట్టింది. దానికి ఎక్కడా లేని పేరొకటి చెప్పింది, కరెంటు రొట్టె అని. "నీ పొయ్యి ఎలగాల పాపా, తిను" అంది. తిన్నాను. ఇప్పుడు పొయ్యి వెలిగింది కాబట్టి నేను వెళ్ళి రెండు రొట్టెలు ఇవ్వాలి. నాకేమో ఇవ్వాలని లేదు. ఎందుకో ఫోనులో చెప్పలేక, సరే వస్తానన్నాను.

చీకటుండగానే బయల్దేరి చెన్నై సెంట్రల్‌లో ఏడు గంటల బండి పట్టుకున్నాను. వెళ్ళదలుచుకున్నవాళ్ళు ముందే రిజర్వు చేసుకోండి, పండగ రోజుల్లో జనరల్ పెట్టెలో కాలు పెట్టే సందుండదు. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. గుమ్మిడిపూండి దాటాక మాటల్లో తమిళం పలచబడుతూ తెలుగు చిక్కబడుతుంది. ఎక్కడ మారిందో పట్టుకుందామని ప్రతిసారీ చెవి ఒగ్గి కూర్చుంటాను, ప్రతిసారీ ఆ ముక్క దగ్గరే కునుకు పడుతుంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురు సీట్లో ఒక పెద్దాయన పులిహోర పొట్లం విప్పుతున్నాడు. నాయుడుపేట దగ్గర వరి పండిస్తాడట. నాకూ కొంచెం పెట్టాడు. ఏం పని చేసేదానివమ్మా అని అడిగితే చెప్పాను. మామూలు అణు కరెంటుకీ దీనికీ తేడా ఏందన్నాడు. యురేనియంలో మండే రకం నూటికి ఒక పాలు కూడా ఉండదని, మామూలు రియాక్టర్లు ప్రధానంగా ఆ కాస్త మీదే నడుస్తాయని, మిగతాదంతా ఊరికే పడి ఉంటుందని చెప్పాను. మాది మండుతూనే ఆ మండని రకాన్ని మండేదిగా మారుస్తుంది. తిన్నదానికంటే ఎక్కువ తయారుచేసి పెట్టాలని దాని ఉద్దేశం. అది కుదిరితే భూమ్మీది జనానికి తరతరాల దాకా బొగ్గు తవ్వే పని ఉండదు.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, "తిన్నదానికంటే ఎక్కువ పెట్టేది నాకు తెలిసి నేలొక్కటేనమ్మా. దీంట్లో మోసమేం లేదు గదా?" అన్నాడు.

మోసం లేదు గాని భయాలున్నాయన్నాను. దాన్ని చల్లబరిచే సోడియం నీళ్ళు తగిలితే భగ్గుమంటుంది. కొన్ని దేశాలు ఇలాంటివి వెలిగించి, ఖర్చు భరించలేకో మరమ్మతులు చెయ్యలేకో ఆర్పేశాయి. అందులో తయారయ్యే ఇంధనంతో బాంబులు చెయ్యొచ్చు కాబట్టి కాపలా గట్టిగా ఉండాలి. చివరికి మిగిలే చెత్తను మన మునిమనవల మునిమనవలు కూడా కనిపెట్టుకుని ఉండాలి. పెద్దాయన అంతా విని, మంచిదో చెడ్డదో ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. నేను చెప్పలేకపోయాను. నాయుడుపేటలో దిగుతూ, ఆలోచించి పెట్టుకో, ఇంకెవరన్నా అడుగుతారు అని నవ్వి వెళ్ళిపోయాడు.

పదింటికి నెల్లూరు. స్టేషను బయట నెయ్యి కారం దోసె తిని ముత్తుకూరు బస్సెక్కాను. ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు కదా, దర్జాగా ఆధార్ కార్డు తీశాను. కండక్టరు చూసి, "తమిళనాడు అడ్రసుంది గదక్కా, చెల్లదు" అన్నాడు. పుట్టింది ఈ జిల్లాలోనే అన్నా. పుట్టిన ఊరు కార్డులో లేదే అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళందరూ ఉచితంగా, నేనొక్కదాన్నే డబ్బులిచ్చి కూర్చున్నాను. సొంతూళ్ళో పరాయిదానిలా వెళ్ళడం కూడా ఒక అనుభవమే.

ముత్తుకూరు దగ్గరపడుతుంటే ముందు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఎండలో, ఉప్పుగాలిలో అవి నేలకు ఆనకుండా తేలుతున్నట్టుంటాయి. రేవు నుంచి టార్పాలిన్లు కప్పుకున్న బొగ్గు లారీలు వరసగా వస్తుంటాయి. ఈ దేశంలో ఎక్కడో ఒక ఇంట్లో ఫ్యాను తిరగాలంటే ఇక్కడ ఇంత బొగ్గు కదలాలి. నేను ఆ పొగను చాలాసేపు కోపంగా చూద్దామనుకున్నాను గాని అది తెల్లగా, మెత్తగా, నిద్రొచ్చేలా ఉంది.

మస్తాన్‌బీ ఇల్లు బజారు వెనక సందులో. ముందు గది కుట్టు కొట్టు, వెనక కాపురం. బడి పిల్లల తెల్ల చొక్కాలు కుట్టడంలో ఆమెది పెట్టింది పేరు. నన్ను చూసి మిషను మీంచి లేవబోయి, దగ్గొచ్చి మళ్ళీ కూర్చుంది. ఆ దగ్గు తగ్గేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. కుట్టిన చొక్కాలన్నీ ప్లాస్టిక్ కవర్ల కింద ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజున సన్నటి బూడిద రాలుతుందట. తెల్లగుడ్డ ఆరేస్తే మళ్ళీ ఉతకాల్సిందే. పొద్దున్నే మిషను తుడిస్తే గుడ్డ నల్లబడుతుందని చూపించింది. ఊపిరితిత్తులు బాగాలేవు, ఊరు మారమని డాక్టరు చెప్పాడు. కొడుకు నెల్లూరికి వచ్చెయ్యమంటున్నాడు. ఈమె వినడంలేదు. కొట్టు మూస్తే నేనెవరు మే, ఊరికే ఒక ముసల్దాన్ని అంది.

అన్నంలోకి మామిడికాయ వేసిన చేపల పులుసు. నిన్న పెట్టిన పులుసే బాగుంటుందని ముందు రోజే చేసి ఉంచింది. తిన్నాక నిద్ర ముంచుకొచ్చింది గాని ఆమె పడుకోనిచ్చిందా! రేపటి రొట్టెల కోసం గోధుమపిండి జల్లిస్తూ, "రెండిట్లో ఒకటి నాకే ఇయ్యాల. కరెంటు రొట్టె నీ చేత్తోనే తినాల. బూడిద లేని కరెంటు కావాల నాకు" అంది.

ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. రొట్టె ఇవ్వడమంటే, నా కోరిక తీరింది అని ఆ నీళ్ళలో నిలబడి చెప్పడం. నేను కోరుకున్నది వెలగడమొక్కటే కాదు. తిన్నదానికంటే ఎక్కువ పెట్టాలని కోరుకున్నాను. ఇప్పుడు వెలిగింది దీపమంత. ఊళ్ళకింకా దాని కరెంటు రాలేదు. అది ఎక్కువ పెట్టిందో లేదో తెలియాలంటే ఏళ్ళతరబడి మండాలి, ఇంధనం బయటికి తీసి చల్లారనివ్వాలి, కరిగించి చూడాలి. అప్పటికి నేనుంటానో ఉండనో. ఒకవేళ అంతా బాగా జరిగినా నీ ఇంటి ముందరి పొగగొట్టాలు మన కాలంలో ఆగవు.

"అబద్ధం రొట్టె నీకెలా పెట్టనే?" అన్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా చేసిన పని గురించి ఇంకా తెలియదు అని పైకి చెప్పడం అదే మొదటిసారి.

మస్తాన్‌బీ జల్లెడ పక్కన పెట్టి, పిండిలో ఉప్పేసి, నీళ్ళు పోసింది. నా మాటలకు జవాబు చెప్పకుండా పిసుకుతూ కూర్చుంది. అదీ ఆమె పద్ధతి. కాలేజీలో కూడా మేష్టారు ప్రశ్న అడిగితే కిటికీలోకి చూసేది, మర్నాడు వచ్చి సరైన జవాబు చెప్పేది.

రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చాపలేసుకున్నాం. పొగగొట్టాల మీద ఎర్రదీపాలు వెలిగి ఆరుతున్నాయి. వాటిని చూస్తూనే నిద్రపోయినట్టున్నాను. కలలో మా రియాక్టరు మూత తీసి ఉంది, లోపల వెండి రంగు సోడియం బదులు చెరువు నీళ్ళున్నాయి, అందులో కొంగు తల మీదుగా కప్పుకుని ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. అందరి చేతులూ చాచి ఉన్నాయి, ఎవరు ఇచ్చేవాళ్ళో ఎవరు పుచ్చుకునేవాళ్ళో తెలియడం లేదు. మెలకువ వచ్చేసరికి కింద పెనం మీద రొట్టె కాలుతున్న వాసన.

మస్తాన్‌బీ రొట్టెలు రెండూ తెల్లగుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది. పండక్కి సాయంత్రం పోదాం, ముందు మైపాడు పోదాం పద అంది. అక్కడైతే ఊపిరి బాగా ఆడుతుందట. తోటపల్లి గూడూరు మీదుగా షేర్ ఆటోలో బయల్దేరాం. రోడ్డుకు ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. గుంటల్లో రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు నీళ్ళను చిలుకుతూ తెల్లటి నురగ లేపుతున్నాయి. ఆ చప్పుడు మైళ్ళ పొడవునా మనతోపాటే వస్తుంది, వినగా వినగా జోలపాట అయిపోతుంది.

తోటపల్లి గూడూరులో లావణ్య అనే అమ్మాయి ఎక్కింది. పాతికేళ్ళుంటాయేమో. మైపాడులో అక్కగారింటికి పోతోంది. మా సంచీలో రొట్టెల వాసన పట్టి, పండక్కేనా అక్కా అని పలకరించింది. తనూ సాయంత్రం వస్తుందట. వాళ్ళాయన, తను కలిసి ఒక గుంట కౌలుకు చేస్తున్నారు. పోయిన పంటలో ఒక రాత్రి ఏం జరిగిందో ఆ అమ్మాయి నెమ్మదిగా, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"కరెంటు పోయినాది. ఏరేటర్లు ఆగిపోయినాయి. డీజిల్ ఇంజను ఎంత లాగినా అంటుకోలా. నీళ్ళలో గాలి చాలక తెల్లారేతలికి రొయ్యలన్నీ పైకి తేలినాయక్కా. ఆయన గట్టు మీద కూచోని లేవనే లేదు."

ఈసారి కూడా అట్లా అయితే గుంట వదిలేసి బెంగళూరుకు కూలికి పోవాల్సిందేనట. ఇంట్లో ధనం రొట్టె తెచ్చుకోమంటున్నారు. తనకు ధనం అక్కర్లేదు, రాత్రిళ్ళు కరెంటు పోకుండా ఉంటే చాలంది. "అట్టాంటి రొట్టె ఒకటి ఉంటదా అక్కా?" అని మస్తాన్‌బీని అడిగింది.

మస్తాన్‌బీ నా వైపు తిరిగి చూసింది, అంతే. నేను ఏరేటర్లు లెక్కపెడుతున్నట్టు బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకు సిగ్గుగానూ ఉంది, మస్తాన్‌బీ మీద ఒళ్ళుమంటగానూ ఉంది.

మైపాడు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. వేటకు పోయిన పడవలు ఒడ్డుకు చేరి, వలలు దులిపి ఆరేస్తున్నారు. సరుగుడు చెట్ల నీడలో కూర్చున్నాం. సముద్రం మీంచి గాలి తెరలు తెరలుగా వస్తోంది. మస్తాన్‌బీ నిండుగా ఊపిరి పీల్చింది. గంటసేపట్లో ఒక్కసారి కూడా దగ్గలేదు. కొట్టు మూసేసి ఇక్కడే ఒక పాక వేసుకుంటే పోలేదా అన్నాను. ఇక్కడ తెల్ల చొక్కాలెవరు తొడుగుతారు మే, చేపలా అంది.

ఆ నీళ్ళను చూస్తుంటే నాకెప్పుడూ ఒకటే ఆలోచన. ప్రతి సముద్రపు నీటి బొట్టులోనూ యురేనియం ఉంది, కనిపించనంత, తూకానికి అందనంత. పైన ఉత్తరాన పెన్న వచ్చి కలుస్తుంది. కొండలూ బండలూ వానకు కరిగి, ఆ కాస్త కాస్తా పెన్నలోకి, పెన్నలోంచి ఇక్కడికి వచ్చి చేరుతూనే ఉంటుంది. మామూలు రియాక్టర్లకైతే అది ఏరుకోవడం దండగ. బ్రీడర్లకైతే కాకపోవచ్చు, ఆ కాస్తలో ప్రతి కణమూ మండుతుంది కాబట్టి. అప్పుడు వానలు కురిసినన్నాళ్ళూ, నదులు పారినన్నాళ్ళూ మనుషులకు దీపాలుంటాయి. ఈ కల నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో కన్నాను. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఆ రోజు మస్తాన్‌బీకి చెప్పాను. ఆమె నవ్వలేదు. దోసిట్లో కొంచెం నీళ్ళు పట్టుకుని చూసి, మళ్ళీ వదిలేసింది. అప్పుడు నిన్నటి ప్రశ్నకు జవాబు చెప్పింది.

"నీకు ఆ రొట్టె పెట్టిన రోజు మా ఇంట్లో ఉన్నింది కిరసనాయిలు బుడ్డే మే."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. అప్పటికి నేను ముత్తుకూరు చూసి ఉండలేదు. వాళ్ళమ్మ ఆ రొట్టె ఇచ్చింది కాబట్టి వాళ్ళింటికి కరెంటు వచ్చే ఉంటుందని, అందుకే ఆ పేరు పెట్టిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. వాళ్ళ సందులో కరెంటు పోలు పడింది మూడేళ్ళ తర్వాతట. కోరిక తీరకుండానే హుస్సేన్‌బీ తీరినవాళ్ళలా నిలబడి ఇచ్చేసింది.

"అంటే మీ అమ్మ నాకు పెట్టింది అబద్ధం రొట్టేనా?" అన్నాను. నిజంగానే కోపమొచ్చింది.

"నేనూ అట్నే కొట్లాడినా ఇంటికిపోయి. అప్పుడేమందంటే, కరెంటు రొట్టె అడిగేదానికి ఆ చెరువులో ఎవురి కాడా లేదు, ఉంటే నేనే తీసుకుందును గదా అంది. అందురూ తీరినాకనే ఇస్తామని కూచుంటే మొదటి రొట్టె యాడ నుంచి వస్తాది మే?"

మా రియాక్టరు కూడా తనంతట తాను వెలగలేదు. వట్టి మండని యురేనియం ఎంత పోసినా అది అంటుకోదు. దాని మొదటి కడుపు నింపడానికి కావలసిన ఇంధనం, అంతకుముందు ఏళ్ళ తరబడి మండిన మామూలు రియాక్టర్ల కడుపులోంచి కొంచెం కొంచెంగా కూడబెట్టి తెచ్చింది. వాటికి తిరిగి ఏమీ రాదు. గాజు పెట్టె ముందు నిలబడి, రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి, ఆ ఇంధనాన్ని బిళ్ళలు బిళ్ళలుగా చేసింది నేనే. ఎవరో ఒకరు ముందు ఇచ్చి ఉండాలన్న సంగతి నా చేతులకు తెలుసు. నాకే తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. మస్తాన్‌బీ నా వీపు మీద చెయ్యేసి, పోయి టీ తాగుదాం రా, ఉప్పునీళ్ళు ఇక్కడ బోలెడున్నాయి అంది.

మధ్యాహ్నం రెండింటి బస్సులో నెల్లూరు బయల్దేరాం. మళ్ళీ నాకు టికెట్టు, ఆమెకు ఉచితం. దారి పొడవునా ఆ మాటే చెప్పి నవ్వింది. నెల్లూరులో బస్సు దిగి చెరువు దాకా జనంతోపాటే నడిచాం. చెరువు ఒడ్డున ఏ రొట్టె ఎక్కడో బోర్డులు పెట్టారు, విద్య, ఉద్యోగం, ఆరోగ్యం, ఇల్లు, పెళ్ళి, విదేశాలు. మైకు పట్టుకున్న వలంటీరు, ఏ రొట్టెకమ్మా అని అడిగాడు. మస్తాన్‌బీ తడుముకోకుండా కరెంటు అంది. అతను అన్ని బోర్డులూ ఒకసారి చూసి, "ఆ బోర్డు లేదమ్మా, ధనం కాడ నిలబడండి" అన్నాడు. మేం వినకుండా ఆరోగ్యానికీ ఇంటికీ మధ్య ఖాళీ చూసుకుని మోకాలిలోతు నీళ్ళలో దిగాం. కొంగు తల మీదికి లాక్కున్నాను. చుట్టూ వందల గొంతులు రొట్టెల పేర్లు పిలుస్తున్నాయి. సాయంత్రపు ఎండ నీళ్ళ మీద పరుచుకుని, మొహాలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. నిన్నటి కల ఇదే కదా అనిపించి చెయ్యి గిల్లుకున్నాను.

మస్తాన్‌బీ దగ్గుతూనే గొంతెత్తి, కరెంటు రొట్టె, కరెంటు రొట్టె అని పిలిచింది. పక్కవాళ్ళు వింతగా చూశారు. కొందరు నవ్వారు. కాసేపటికి జనంలోంచి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లావణ్య వచ్చింది. ఆయాసంతో, నిజంగా ఉందా అక్కా అంది.

రొట్టె తీసి చేతిలో పట్టుకుని, ముందు ఉన్నమాట చెప్పాను. ఇది పూర్తిగా తీరిన కోరిక కాదమ్మా, వెలిగింది గాని ఫలితం ఇంకా చూడలేదు, నేను చూస్తానో లేదో కూడా తెలియదు అన్నాను. అయినా తీసుకుంటావా?

"ఎలిగింది గదక్కా" అంది లావణ్య. కొంగు పట్టి తీసుకుంది. అక్కడే నిలబడి, ఒక్క తునక నీళ్ళలో పడనీకుండా తినింది. తీరితే రెండు తెస్తానంది. రెండో రొట్టె మస్తాన్‌బీ చేతిలో పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని తింది. నా చేతులు ఖాళీ అయిపోయాయి. అబద్ధం ఆడినట్టు అనిపించలేదు. నిన్న రైల్లో కలిసిన పెద్దాయన కనిపిస్తే ఇప్పుడు ఏం చెబుతానో నాకు తెలిసింది. మంచిదో చెడ్డదో చూసేవాళ్ళు ఇంకా పుట్టాలి, వాళ్ళకోసం ముందుగా ఇచ్చాం అంటాను.

నా బండి ఆరున్నరకు. నువ్వు గట్టు మీద కూచో, నాకింకా ఒక పనుంది అని మస్తాన్‌బీ ఆరోగ్యం బోర్డు వైపు నడిచింది. అక్కడ అడిగేవాళ్ళు ఎక్కువ, ఇచ్చేవాళ్ళు తక్కువ. చెయ్యి చాచి నీళ్ళలో చాలాసేపు నిలబడింది. దగ్గొచ్చినప్పుడల్లా వంగిపోయి, మళ్ళీ నిటారుగా లేచి చెయ్యి చాచేది. చివరికి కోవూరు నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఆమెకొక రొట్టె ఇచ్చింది. అది కొంగులో కట్టుకుని వచ్చింది. ఇంటికి పోయి తింటానంది. ఆటోలో స్టేషను దాకా వచ్చి నా సంచీ తనే పట్టుకుని, బండి కదిలేముందు కిటికీలోంచి అందించింది.

బండి గూడూరు వదిలాక ఆకలేసింది. నీళ్ళ సీసా కోసం సంచీలో చెయ్యి పెడితే తెల్లగుడ్డ తగిలింది. రొట్టెలు చుట్టిన గుడ్డే. విప్పి చూస్తే సగం రొట్టె. చేత్తో తుంపినట్టు అంచు ఎగుడుదిగుడుగా ఉంది. నేను ఇచ్చిన రొట్టెలు ఇద్దరూ నా కళ్ళముందే తినేశారు. ఇది ఆ చెరువులో ఆమె తన ఊపిరి కోసం అంతసేపు నిలబడి తెచ్చుకున్నది.

ఫోను చేశాను. దగ్గు వినిపించింది, తర్వాత, తిన్నావా అని గొంతు వినిపించింది. నీకు కావలసింది నాకెందుకు పెట్టావే, సగం తింటే నీకు సగమే నయమైతే ఏం చేస్తావు అని తిట్టాను.

"నేనొక్కదాన్నే బతికుంటే నీ పొయ్యి తెరిసి చూసిన రోజు, అది ఎక్కువ పెట్టిందో లేదో నాకెవురు చెప్తారు మే?" అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు బయటి చీకట్లోకి చూశాను. పొలాల మధ్య ఎక్కడో ఒక మోటారు కొట్టం, అందులో ఒక బల్బు, అది వెనక్కి పోయాక ఇంకొకటి. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే, రిజర్వేషను చేయించుకోండి, మైపాడులో పొద్దుటి పూట కూర్చోండి, చెరువులో నిలబడ్డప్పుడు తొందరపడకండి.

ఆ సగం రొట్టెను నెమ్మదిగా నమిలి తిన్నాను. ఉప్పు సరిపోయింది. సగానికి ఎన్ని తిరిగివ్వాలో అడగడం మరిచిపోయాను. ఆమెను నాకు తెలుసు, ఇద్దరం చెరో రెండు తేవాల్సిందే అంటుంది. అందుకోసమైనా ఇద్దరం ఉండాలి.